చెరుకు తోటలో తెల్ల అంబాసిడర్

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో ఈమధ్య నాకు తారుమారవుతోంది. అందుకే పూర్తిగా మరిచిపోకముందే రాసి, మా అఖిల చేతికిస్తున్నాను. ఇది మా పక్కింటి ముత్తవ్వ నోట విన్నది.

బోధన్ నుంచి కోటగిరి పోయే తోవలో, చెరుకు తోటల మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి చెడ్డపేరు ఉంది. అందులో ఒక తెల్ల అంబాసిడర్ దుమ్ము కొట్టుకుని పడి ఉంటుంది. దాని డ్రైవర్ లింబయ్య ఆ కారులోనే ప్రాణం విడిచాడు. అప్పటి నుంచి, పొద్దుగూకాక ఆ తోవన పోయేవాళ్లను తెలిసిన గొంతుతో పిలుస్తాడంటారు.

ముత్తవ్వ మొగుడు దేవిదాస్‌కూ ఒక అంబాసిడర్ ఉండేది. పెళ్లిళ్లకు కిరాయి తిప్పిన బండి. వెనక ఇరుసు మధ్యలో పళ్లచక్రాలుండే డిఫరెన్షియల్ అరిగిపోయి, బండి కదిలితే చాలు ఏడ్చేది. పాతసామాన్ల వాడికి అమ్మేస్తానన్నాడు. కొడుకు వేణు ఒప్పుకోలేదు.

“ఆ షెడ్డుల బండిది ఇప్పి మనదానికి ఎక్కిస్త బాపు. ఫోన్ల సూసి నేర్సుకున్న.”

“సైకిల్ చైను పడితే నన్ను పిలుస్తవు. గిప్పుడు డిఫరెన్షియల్ మారుస్తవా?”

“ఆదివారం దాకా ఆగు. కాకుంటే నువ్వే అమ్ముకో.”

షెడ్డు ఆసామి రామకోటేశ్వరరావు నవ్వాడు. “తీసుకోవయ్యా. చీకటి పడకముందే బయటపడు. లేకపోతే లింబయ్య సాయానికొస్తాడు.”

శనివారం పొద్దున పోయిన వేణు పొద్దుగూకినా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. దేవిదాస్ టార్చి పట్టుకుని బయలుదేరాడు.

షెడ్డులో అలికిడి లేదు... కారు అవతలి పక్కకు ఒరిగి ఉంది. ఇవతలి చక్రం గాలిలో ఉంది.

అది తిరుగుతోంది.

కొంచెం తిరిగి... ఆగి... మళ్లీ తిరిగింది. దగ్గర మనిషి కనపడలేదు. టార్చి వెలుగు ఆ చక్రం మీదనే నిలబడిపోయింది.

“బాపూ...”

వేణు గొంతే. మా దిక్కు పిల్లలకు నేర్పే మాట ఒకటుంది — చీకట్లో పిలుపు మూడుసార్లు వినపడేదాకా పలకొద్దని. దెయ్యానికి మూడోసారి పిలవడం చేతకాదట. దేవిదాస్ తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

“బాపూ...”

ఈసారి ఇంకా సన్నగా. చక్రం ఆగింది.

మూడోది... రాలేదు.

దేవిదాస్ వెనక్కి చూడకుండా ఉరికాడు. ఇంటికొచ్చి గడియ పెట్టి, “లింబయ్య నా కొడుకు గొంతు పెట్టిండే” అని ముత్తవ్వతో అన్నాడు. పిల్లగాడు దోస్తుల ఇంట్లో ఉంటాడులే అనుకుని, ముత్తవ్వ మొగుడికి దిష్టి తీసి పడుకోబెట్టింది.

తెల్లారి చెరుకు కోతకు పోయినవాళ్లు చూశారు. వేణు పనికి కొత్తవాడు కదా — కారును ఇవతల ఇటుకల మీద నిలిపాడు. అవతల, కాలువ నీళ్లకు మెత్తబడ్డ నేల మీద, కింద పలకైనా వేయకుండా జాకీ పెట్టాడు. ఆ పక్క చక్రం ఊడదీసి కిందికి దూరాడు. జాకీ మట్టిలోకి దిగింది. ఇరుసు ఛాతీ మీదికి వచ్చింది. ఒక చెయ్యే ఆడింది. దాంతోనే, ఎవరైనా చూస్తారని, ఇరుసుకు కలిసే కడ్డీని తిప్పి ఇవతలి చక్రం తిరిగేలా చేశాడు.

బయటికి లాగినప్పుడు ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉందట.

ఇప్పుడు ముత్తవ్వ అన్నం పెట్టి మొగుణ్ణి రెండుసార్లు పిలుస్తుంది. ఆయన అరుగు మీద అట్లాగే కూచుంటాడు. మూడోసారి ఆమె పిలవదు. కాసేపటికి కంచం ఎత్తి బర్రెకు పెడుతుంది.

అఖిలా, పేర్లు ఒకసారి సరిచూడు బిడ్డా. ఆ డ్రైవర్ లింబయ్యేనా, హన్మాండ్లా? ఎవరినైనా అడుగు. ముత్తవ్వను మాత్రం అడగకు.