సర్వర్‌లో మిగిలిన కాపీ

"ఇయ్యాల నరేశ్ చస్తడు. చంపేది మనోడే," అన్నాడు చీఫ్ రాజనర్సయ్య.

ఏజెంట్ హైమవతి తలెత్తింది. నరేశ్ ఒకప్పుడు విదేశీ ముఠా మనిషి. ఇప్పుడు మన వైపు తిరిగి, వాళ్ల గుట్టంతా పట్టుకుని పంజాగుట్ట మెట్రోలో దిగబోతున్నాడు.

"అందరికి ఒక్కటే అయిన ఆఫీసు మెయిల్‌ల పాతయన్నీ కొత్తయి లెక్క మళ్ల దిగుతున్నయ్. నరేశ్‌ను కాల్చెయ్యమన్న పోయినేడాది ఆర్డర్ సుత అండ్లనే ఉన్నది. మన షూటర్ కనకయ్య నరేశ్‌కు కాపలాగ స్టేషన్ ఎదురుంగ గదిల ల్యాప్‌టాప్ ముందట పెట్టుకొని, రైఫిల్ పట్టుకొని కూసున్నడు."

"ఫోన్ ముట్టడుగా."

"ముట్టడు. మెయిల్‌ల ఏదొస్తే అది చేసుడే, అడుగుడు లేదు. మనం పెట్టిన రూలే! వద్దని కొత్త మెయిల్ పంపినా పాతయన్నీ దిగినంకనే దిగుతది. ఈ ట్రాఫిక్‌ల మనిషిని పంపినా అందడు. సర్వర్ కాడికి ఉరుకు."

అమీర్‌పేట గల్లీలో జావా క్లాసుకు ఆలస్యమైనదానిలా బ్యాగు తగిలించుకుని హైమవతి మెట్లెక్కింది. కోచింగ్ సెంటర్ ముసుగులో ఏజెన్సీ సర్వర్ రూమ్. తలుపు తీయగానే ఖరీదైన సెంటు వాసన. సిస్టమ్ అడ్మిన్ మంజూష ఎర్రటి పెదాలతో నవ్వుతోంది. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"కోడ్ వర్డ్ చెప్పండి మేడమ్."

"అమ్ముడుపోయినదానికి కోడ్ వర్డ్ ఒకటా?"

"ఏంటండీ అంత కోపం? మెయిల్స్‌కి సర్వర్ వేసుకున్న గుర్తులు మార్చానంతే. మీ మొద్దు ప్రోగ్రామ్ పాతవి కొత్తవనుకుని దింపుకుంటోంది. అసలు సర్వర్‌లో కాపీలు చెరపొద్దని పట్టుబట్టింది ఎవరు? మొగుడి ఆఖరి మెయిల్ కోసం మీరు కాదూ!"

కేదార్. ఖైరతాబాద్ ఆపరేషన్ నుంచి రాసిన ఒక్క వాక్యం. అది దింపుకున్న ల్యాప్‌టాప్ పాడైంది, అతను తిరిగి రాలేదు. మిగిలింది సర్వర్ కాపీ ఒక్కటే.

హైమవతి వేలి ఉంగరం నొక్కింది. ఫ్లాష్! మంజూష కళ్లు మూసుకుపోయాయి. మోకాలితో ఒక్క పోటు. పిస్టల్ జారింది, చేతులకు బేడీలు పడ్డాయి.

"రైలొచ్చింది! నరేశ్ దిగుతుండు!" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుపు.

స్క్రీన్ మీద పాత మెయిల్స్ తేదీల వరసన దిగిపోతున్నాయి. ఒక్క ఆర్డర్‌ను వెతికి తీసే వ్యవధి లేదు. అన్నీ చెరిపెయ్యాలి.

"చెరుపు చూద్దాం," అంది మంజూష నేల మీంచి. "మొగుణ్ణి రెండోసారి చంపుకో."

హైమవతి పాత మెయిల్స్ అన్నీ ఎంచుకుంది. తర్వాత డిలీట్ నొక్కింది. స్క్రీన్ తెల్లబోయింది.

ఇయర్‌పీస్‌లో చాలాసేపు గుర్రుమనే చప్పుడే. ఆ తర్వాత చీఫ్ గొంతు: "నరేశ్ బయటపడ్డడు. కానీ కనకయ్యకు ఆఖరికి గిదేం ఆర్డర్ దిగిందమ్మా? రైఫిల్ పక్కన పెట్టి స్టవ్ ముట్టించిండంట. 'టీ పెట్టి ఉంచు, వచ్చేస్తున్నా' అని ఉన్నదంట. ఎవరొస్తున్నరని మెయిల్‌ల అడుగుతుండు."

కేదార్ వాక్యమే. హైమవతి కళ్లు తుడుచుకుంది.

"నేనొస్తున్నానని చెప్పండి. ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోవద్దనండి."