మూడో నిద్ర

అమలాపురంలో కాలవగట్టు మీదున్న ఆ మూడంతస్తుల మేడకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక పై అంతస్తులో ఎవరో ఆడమనిషి తిరుగుతుందని... నాలుగేళ్లుగా ఊరంతా చెప్పుకుంటోంది. 'అద్దెకివ్వబడును' బోర్డు ఎండకి వెలిసిపోయింది గానీ ఒక్కరూ అందులో దిగలేదు.

ఆ కథ పుట్టించింది ఎవరనుకున్నారు? సత్యప్రసాదే. పాతికేళ్లుగా ఊళ్లో షాపులూ ఆఫీసులూ అద్దెకి కుదిర్చే మనిషి. మేడ ఓనరు తనని కాదని వేరేవాళ్ల చేతిలో తాళాలు పెట్టాడని కడుపు మండి, టీకొట్టు దగ్గర కూర్చుని అల్లేశాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు.

ఇప్పుడా మేడకే దుర్గాశ్రీ బేరం తెచ్చింది. అతని దగ్గరే పని నేర్చుకున్న పిల్ల! నిన్న మొన్నటిదాకా స్కూటీ మీద తిరిగి చిన్న చిన్న కొట్లు చూపించిన పిల్ల... హైదరాబాద్ బట్టల కంపెనీకి మేడ మొత్తం, పదేళ్ల లీజుకి! ఇది కుదిరితే కాకినాడలో సొంత ఆఫీసు తెరుస్తుందట. ఆ మాట విన్న రోజు సత్యప్రసాద్‌కి అన్నం సయించలేదు.

పుకారు కంపెనీ యజమాని చెవిన కూడా పడింది. ఆయన ఒకటే మెలిక పెట్టాడు — కొత్తింట్లో చేసినట్టు, ఎవరైనా ఆ మేడలో మూడు నిద్రలు చెయ్యాలి. చేస్తే నాలుగోరోజు పొద్దున్నే సంతకాలు.

"నేనే చేస్తానండి" అందట దుర్గాశ్రీ.

రెండు నిద్రలయ్యాయి. రెండు రోజులూ పొద్దున్నే నవ్వుకుంటూనే బయటికొచ్చింది. ఆ నవ్వు చూసి సత్యప్రసాద్ ఉండబట్టలేకపోయాడు. మూడో రాత్రి భార్య పట్టీలు జేబులో వేసుకుని, వెనక తలుపు తోసుకుని లోపలికి దూరాడు.

మెట్ల కింద చీకట్లో నిలబడి పట్టీలు ఆడించాడు. ఘల్లు...

ఏమీ కదల్లేదు.

మళ్లీ... ఘల్లు... ఘల్లు...

టార్చిలైటు సరిగ్గా మొహం మీద పడింది. పై మెట్టు మీద దుర్గాశ్రీ! "అయ్యో, బాబాయిగారూ! మీరా అండీ?"

పట్టీలు గబుక్కున వెనక్కి దాచాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. "ఒక్కదానివే ఉన్నావని... చూసి పోదామని వచ్చేనమ్మా."

"ఆయ్. మీ మేలు మర్చిపోనండి" ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కదాన్నే ఎక్కడండీ... మీరు పెట్టినావిడ తోడున్నారు గదా. మొదటి రాత్రి భయమేసి ఏడుస్తుంటే, పైనించి దిగొచ్చి నా పక్కనే పడుకున్నారు."

"నేను... పెట్టినావిడా?"

"ఆవిడే చెప్పేరండి. నాలుగేళ్ల కిందట ఈ మేడలో పెట్టింది మీరేనంట. అద్దె కూడా అడగలేదంట."

సత్యప్రసాద్ వెనక తలుపు వైపు ఒకడుగు వేశాడు.

"రేపు మేడ ఖాళీ చెయ్యాలి గదండీ, ఎక్కడికెళ్తారని అడిగేను..." అంటూ దుర్గాశ్రీ టార్చి పైకి తిప్పింది. "మీ ఇంటికేనంట. అదుగో — దిగుతున్నారు."