పడుకునేది అవ్వ కదా!

"నాకొద్దు ఈ మంచం. ఇంటికి పోదాం పదండి," అంది తాయమ్మ అవ్వ.

రెబెకాకు ఒళ్లు మండిపోయింది.

బడి నుంచి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. చంద్రగిరి నుంచి బస్సులో నిలబడే తిరుపతిలోని ఈ మంచాల అంగడికి వచ్చింది. అంతా అవ్వ కోసమే! వెల్లకిలా పడుకుంటే అవ్వకు ఊపిరాడదు. దిండ్లు ఎన్ని పేర్చినా తెల్లారేసరికి జారిపోతాయి. తలవైపు పైకి లేపుకునే మంచం పనికొస్తుందేమో చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది.

అట్లాంటి మంచమే ఎదురుగా ఉంది. రిమోట్ నొక్కితే తలవైపు లేస్తుంది, కాళ్లవైపూ లేస్తుంది. రెబెకా ఎక్కి పడుకుని, లేపింది, దించింది, మళ్లీ లేపింది. వాళ్ల నాయన పాల్ కూడా పడుకుని, "సుఖంగా ఉండాది," అన్నాడు. ఇంత మంచి మంచాన్ని వద్దంటుందేమిటి?

"నీకేం తెలుసవ్వా? నీ కోసమే కదా వచ్చినాం! ఎప్పుడూ మొండితనమే నీకు!" అని రెబెకా అరిచింది. అంగడిలో అందరూ తిరిగి చూశారు.

"రెబెకా!" అని నాయన కసిరాడు.

అవ్వ స్టూలు మీంచి లేచింది.

"అవును పాపా, నాకేం తెలుసు! నువ్వు పండుకున్నావు. మీ నాయన పండుకున్నాడు. ఈ అంగడాయన కూడా పండుకోని చూపించినాడు. నన్ను ఒక్కరన్నా పండుకోమన్నారా? ఊపిరి నాది, నొప్పులు నావి, మంచం మాత్రం మీరు చూస్తారా? నేనేమన్నా దానిమీద ఏసే మూటనా?"

రెబెకా చెవులు వేడెక్కాయి. నిజమే. వచ్చినప్పటి నుంచీ అవ్వ పక్కనే కూర్చుని ఉంది. ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు.

రెబెకా మంచం దిగింది. "రా అవ్వా. నువ్వు పండుకోని చూడు."

అవ్వ అంచున కూర్చుంది. కాళ్లు నేలకు ఆనలేదు.

"సూడు. రాత్రి బాత్రూముకు పోవాలంటే దూకాల్నా నేను?"

ఇందాక రెబెకా కాళ్లు కూడా ఆనలేదు. కానీ తను సరదాగా దూకేసింది.

"ఇంకా ఏం ఇబ్బందవ్వా?"

"కరెంటు పోతే? మడిచిన దోసె మాదిరి అట్లే ఉండాల్నా?"

రెబెకా ఆ మాటే అంగడాయన గుణశేఖర్‌ని అడిగింది. ఆయన మెడ గోక్కున్నాడు.

"దీనికి బ్యాటరీ లేదు పాపా. ఆ మూల దానికి ఉండాది, కరెంటు పోయినా దిగుతాది. ఎత్తు కూడా తక్కువే. చూసేదానికి అంత బాగుండదని చూపించలేదు."

మూలనున్నది బూడిద రంగు మంచం. అవ్వ కూర్చోగానే పాదాలు నేలకు ఆనాయి. మెల్లగా పడుకుంది.

"ఎంత ఎత్తు కావాలో నువ్వే నొక్కవ్వా," అని రెబెకా రిమోట్ ఆమె చేతికిచ్చింది.

తలవైపు కొద్దిగా లేచింది. రెబెకా అయితే ఇంకా పైకి లేపేది. అవ్వ అక్కడే ఆపి, కళ్లు మూసుకుంది. ఆయాసం నెమ్మదించింది.

"ఏం సార్, ఇది ఖాయం చేద్దామా?" అన్నాడు గుణశేఖర్ పాల్‌తో. పాల్ నోరు తెరవబోయాడు.

"మా నాయన్ని కాదంకుల్," అంది రెబెకా గబుక్కున. "మా అవ్వని అడగండి."

అవ్వ కళ్లు తెరవలేదు.

"ఉండప్పా," అంది. "ఇంకా సూస్తా ఉండాను."