417వ నంబరు వాన

“రీటా డబుల్ ఏజెంట్!”

ట్రాన్సిస్టర్‌లో దాచిన వైర్‌లెస్ సెట్లో చీఫ్ గొంతు వినగానే ఈశ్వరప్పకు ముచ్చెమటలు పోశాయి. వజ్రకరూరు దగ్గర వజ్రాల సర్వే క్యాంపులో స్టోర్‌కీపర్ వేషం వేసిన సీక్రెట్ ఏజెంట్ అతను. అది 1986 మే నెల. పగలు పదకొండూ నలభై ఎనిమిది.

“ఆమె నల్లతేలు ముఠా మనిషి. మన వజ్రాల మ్యాపు మీ కంప్యూటర్‌లోంచి టెలిఫోన్ లైన్ మీద కొంచెం కొంచెంగా విదేశానికి పోతోంది. పన్నెండుకి చివరి ముక్క. వైరు పీకితే మ్యాపంతా చెరిగిపోయేలా ప్రోగ్రాం రాసిపెట్టింది. ఆ ప్రోగ్రాంని పట్టుకో, చంపు. లోపలి మనిషి సాయం లేనిదే ఇది జరగదు. ఆపరేటర్ ఓబులమ్మను అరెస్టు చేయడానికి జీపు పంపాను. ఓవర్!”

ఈశ్వరప్ప ట్రాన్సిస్టర్ చంకన పెట్టుకొని ఒక్క ఉరుకున కంప్యూటర్ గదిలో పడ్డాడు. ఓబులమ్మ కొంగుతో తెర మీది దుమ్ము తుడుస్తోంది.

“మా, నడుస్తాండే ప్రోగ్రాములన్నీ చూపించు. ఎన్నాళ్లుగా నడుస్తాండాయో కూడా కావాల.”

ఆమె ‘పీఎస్’ అన్న ఆదేశం కొట్టింది. తెర నిండా వరుసలు దిగాయి. ఒక్కోదానికి నంబరు, సొంతదారు, పేరు, వయసు. అన్నీ నిమిషాల పసికూనలే. ఒక్కటి మాత్రం పదహారు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. నంబరు 417. పేరు ‘వాన’.

“ఇదేంది?”

“వాన యెప్పుడొస్తాదో లెక్క కడతాండాది సార్. ఆ రీటమ్మ పెట్టిపోయింది గదా! మూడేండ్లుగా చుక్క పడలేదు. దీన్ని ఆపేదానికి ఎవురికి చేతులొస్తాయి? క్యాంపు పెద్దసారు గూడా ముట్టుకోవద్దన్నాడు.”

వాన పేరు చెబితే ఈ సీమలో దొంగకైనా పీట వేసి మంచినీళ్లిస్తారు. ఆ సంగతి రీటాకు బాగా తెలుసు. ఈశ్వరప్ప చూపు సొంతదారు పేరు మీద ఆగింది. ‘ఈశ్వర్’. తన లాగినే!

పదహారు రోజుల కిందట ధర్మవరం పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో వచ్చి కోడ్‌వర్డ్ పొల్లు పోకుండా చెప్పింది రీటా. మీలాంటి బుర్ర డిపార్ట్‌మెంట్లో ఇంకొకటి లేదంది. అంతే, పాస్‌వర్డ్ తానే కొట్టిచ్చి, ఆమెకు చల్లటి సోడా తేవడానికి ఎండలో బజారుకు పోయాడు. ఇప్పుడు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పదకొండూ యాభై తొమ్మిది. “అది వాన లెక్క గాదు మా, మన మ్యాపు దొంగిలించే ప్రోగ్రాం!” అన్నాడు.

“కిల్ కొట్టేదా సార్?”

“ఉత్త కిల్ వద్దు! అది మర్యాదగా పొమ్మన్నట్ల. పోతాపోతా మ్యాపు చెరిపేస్తాది. పక్కన మైనస్ నైన్ పెడితే దానికి ఊపిరి తీసుకునే టైముండదు.”

కీబోర్డు లాక్కొని తానే కొట్టాడు. కిల్, మైనస్ నైన్, 417.

మోడెమ్ లైటు ఆరిపోయింది. మళ్లీ పీఎస్ కొడితే ఆ వరుసే లేదు. మ్యాపు భద్రంగా ఉంది. ‘ఈశ్వర్’ అన్న పేరూ తెర మీద లేదు. బయట జీపు ఆగింది.

ఓబులమ్మ తల వంచుకొని మెల్లగా అంది. “ఆ పేరు నేను చూడలేదులే సార్.”

జీపు తనను అరెస్టు చేయడానికే వచ్చిందని పాపం ఆమెకు తెలియదు. ఆ మాటకు ఈశ్వరప్ప చచ్చినంత పనైంది.

ప్రోగ్రాం చచ్చిందని ఈశ్వరప్ప కబురు చెప్పగానే వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. “శభాష్! ఓబులమ్మ దొరికిందా?”

“ఆమె తప్పేం లేదు సార్. ప్రోగ్రాం నడిచింది నా పేరు మీద. రీటాకు తలుపు తీసిన గాడిదను నేనే.”

చీఫ్ విసుక్కున్నాడు. “జీపు పంపేశాను కదయ్యా!”

“ఖాళీగా తిప్పి పంపను సార్,” అంటూ ఈశ్వరప్ప పోయి వెనక సీట్లో కూర్చున్నాడు.