ఈలవేసే సూపర్‌ఛార్జర్

ఏజెంట్ ఆషర్‌కు తుపాకులంటే భయం లేదు. మూడు దేశాల లాకప్పులు చూశాడు, ఒకసారి విషం తాగి కూడా బతికాడు. కానీ ఆ మధ్యాహ్నం ఆఫీసు వెనక డిపార్ట్‌మెంటు తన కోసం నిలబెట్టిన కారును చూసినప్పుడు మాత్రం అతనికి నిజంగా సిగ్గేసింది.

ఎనిమిది వందల సీసీ చిన్న కారు. పాతికేళ్ల నాటిది. ఎర్ర రంగు ఎండకు వెలిసిపోయింది. అద్దం మీద మాత్రం స్పెషల్ వింగ్ వారి ఆకుపచ్చ పాసు తళతళలాడుతోంది.

“ఇదా సార్ మిషన్ వెహికల్?”

“ఇదే,” అన్నాడు చీఫ్ ఓంప్రకాశ్, సమోసా నములుతూ. స్పెషల్ వింగ్ సికింద్రాబాద్ శాఖకు ఆయన అధిపతి. ఆయన చేతిలో దేశం ఇన్నాళ్లు క్షేమంగా ఉందంటే దానికి శత్రువుల బద్ధకమే కారణమని ఆషర్‌కు గట్టి నమ్మకం. “పరేషాన్ కాకు. దీనికి సూపర్‌ఛార్జర్ పెట్టిస్తున్నం.”

“ఈ డబ్బాకా?”

“డబ్బాలకే పెడ్తరు. పద్మారావు నగర్‌ల ‘రాకెట్ రేసింగ్’ అని ఒక వర్క్‌షాప్ ఉంది. చిన్న కార్లకు సూపర్‌ఛార్జర్లు, లావు సైలెన్సర్లు, తోకలు బిగిస్తరు. ఓనర్ మధుసూదన్. అది పైకి. లోపల విదేశీ ముఠా అడ్డా.”

బ్రీఫింగ్ షురూ అయింది. సరిహద్దు అవతల మారుపేర్లతో పనిచేస్తున్న మన మనుషులు పదకొండు మంది. వాళ్ల అసలు పేర్లు, ఫొటోలు, అడ్రసులు ఉన్న లిస్టు దొంగిలించబడింది. ఫోన్లో పంపితే, నెట్లో పంపితే వింగ్ పట్టేస్తుంది. అందుకని ముఠా దాన్ని మనిషికే అందించాలి. ఆ మనిషి ఈ సాయంత్రం ఐదూ నలభై బండికి సికింద్రాబాద్ స్టేషన్ నుంచి వెళ్లిపోతున్నాడు. వాడు ఎవడో ఎవరికీ తెలియదు.

“అందుకే స్టేషన్ చుట్టూ అర కిలోమీటర్ దాకా ప్రతి బండిని, ప్రతి సంచిని స్కాన్ చేస్తున్నం. లిస్టు లోపలికి పోవద్దు. నువ్వు కస్టమర్ లెక్క పో, అది ఎట్ల బయల్దేరుతుందో చూడు.”

“ఆ పదకొండు మందిలో నాకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా సార్?”

చీఫ్ సమోసాను పక్కన పెట్టాడు. అదే ఆషర్‌ను మొదటిసారి భయపెట్టింది.

“నాలుగో పేరు లూకాది.”

లూకా. పరేడ్ గ్రౌండ్స్ పక్కన పాత జీపులో, క్లచ్ తప్పు నొక్కిన ప్రతిసారీ నెత్తిన మొట్టి, ఆషర్‌కు డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఎవరూ లేని వాణ్ణి ఇంటికి తీసుకెళ్లి తమ్ముడన్నాడు. సరిహద్దు దాటి వెళ్లి మూడేళ్లయింది. ఆషర్ ఈ లోకంలో ప్రేమించిందే ఆ ఒక్కణ్ణి. మిగతా అందరినీ అతను చిన్నచూపే చూశాడు, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా ఎప్పుడూ చేయలేదు.

“లోపల మన మనిషి కల్పలత ఉంది,” అన్నాడు చీఫ్. “మేనేజర్ వేషం. కోడ్: ‘సైలెన్సర్ ఎందుకు మార్చాలి?’ జవాబు: ‘పాతది నిజం చెబుతుంది.’ ఇగో, ఈ గడియారం పెట్టుకో. ఆరడుగుల లోపల ట్రాన్స్‌మిటర్ ఉంటే మణికట్టు మీద చక్కిలిగిలి పెడ్తది.”

“పోయినసారి ఇది ఇడ్లీ కుక్కర్ దగ్గర కూడా పెట్టింది సార్.”

“రిపేర్ చేయించినం,” అని చీఫ్ మళ్లీ సమోసా అందుకున్నాడు.

*

రాకెట్ రేసింగ్ ముందు ఆరు చిన్న కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదానికీ వెనక డిక్కీ మీద రెక్కలాంటి తోక, కింద గుమ్మడికాయంత సైలెన్సర్. వాటి యజమానులు చేతులు కట్టుకుని టార్క్ గురించి, బూస్ట్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసేది సూపర్‌ఛార్జర్ అని, గాలి ఎక్కువైతే బలం ఎక్కువని, ఆషర్ అడక్కుండానే నల్ల టీషర్టు పెద్దమనిషి ఒకడు వివరించాడు.

“నాది జీరో టు హండ్రెడ్ స్పీడ్, తొమ్మిది సెకండ్లలో బ్రో!”

“వంద ఎక్కడ చూసినవ్? చిలకలగూడ చౌరస్తాలనా?”

అతను నొచ్చుకున్నాడు. ఆషర్‌కు హాయిగా అనిపించింది.

అప్పుడు కల్పలత బయటికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా. చుట్టూ అంత గ్రీజు ఉన్నా ఆమె మీద ఒక్క చుక్క లేదు. కబుర్లన్నీ ఆగిపోయాయి.

“సైలెన్సర్ ఎందుకు మార్చాలి?” అన్నాడు ఆషర్. ఆ మాట కనిపెట్టినవాణ్ణి పట్టుకుని తన్నాలనిపించింది.

“పాతది నిజం చెబుతుంది,” అందామె చిన్నగా నవ్వి. “మీ బండి పని నేనే దగ్గరుండి చూసుకుంటాను.”

షట్టర్ దించి మూడు గంటల్లో పని ముగించారు. మధుసూదన్ బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజిన్ ముందు మెరిసే ఉక్కు పెట్టె, దానికి బెల్టు, బెల్టుకు పుల్లీ, పక్కన ఎర్ర ఎయిర్ ఫిల్టర్, వెనక కొత్త లావు సైలెన్సర్. తాళం తిప్పగానే కారు ఈల వేసింది. విమానం దిగుతున్నట్టు వీధి వీధంతా తిరిగి చూసింది. ఆషర్ గుండె ఒక్క క్షణం ఉప్పొంగింది. అలా ఉప్పొంగినందుకు వెంటనే తనను తానే అసహ్యించుకున్నాడు.

సీట్లో కూర్చోగానే గడియారం చక్కిలిగిలి పెట్టింది. ఆగకుండా పెడుతూనే ఉంది.

“డిపార్ట్‌మెంటు సామాను!” అని విప్పి డాష్‌బోర్డు అరలో విసిరేశాడు.

పక్క తలుపు తెరుచుకుంది. కల్పలత ఎక్కి కూర్చుంది.

“లిస్టు వెళ్లిపోయింది ఆషర్. మధుసూదన్ మనిషి పార్సిల్‌తో ఆటోలో స్టేషన్‌కు బయల్దేరాడు. బోయిగూడ గేటు. మనకు గ్రీన్ పాస్ ఉంది, ఎవరూ ఆపరు. ఐదున్నర లోపు గేటు దగ్గర ఉండాలి. ఫాస్ట్!”

ఆషర్ యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కాడు. కారు చెవులు చిల్లులు పడేలా ఈల వేసింది.

*

బన్సీలాల్‌పేట్‌లో ట్రాఫిక్ గడ్డకట్టింది. సందు దొరికినప్పుడు కూడా ఆ కారు ఈలే వేసింది తప్ప ఉరకలేదు. నీళ్ల ట్యాంకర్ దాన్ని దాటిపోయింది. గ్యాస్ సిలిండర్ల ఆటో దాటిపోయింది. చివరికి పుచ్చకాయల బండిని తోసుకుపోతున్నవాడు కూడా వెనక్కి తిరిగి ఒక చూపు చూసి దాటిపోయాడు. మెట్లబావి దగ్గరికి వచ్చేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి బుసబుస పొంగింది.

“ఆపకు!” అంది కల్పలత.

“ఆపకపోతే ఇంజిన్ పట్టేస్తది,” అని ఆషర్ పక్కనే ఉన్న రేకుల షెడ్డు కిందికి తిప్పాడు.

షెడ్డు భద్రయ్యది. డెబ్భై దాటిన మెకానిక్, ఎడమ చేతికి చూపుడు వేలు లేదు. బానెట్ ఎత్తగానే ఆయన చేసిన మొదటి పని, ఇంజిన్ మీది లావు కరెంటు వైరు పీకి చొక్కా జేబులో పెట్టుకోవడం.

“అదెందుకు పీకుతున్నవ్?” అన్నాడు ఆషర్ చిరాగ్గా.

“ముప్పై ఏండ్ల కింద నా చెయ్యి లోపల ఉండంగనే ఎవడో తాళం తిప్పిండు సారూ. ఏలు వోయింది. అప్పటి సంది వైరు నా జేబులనే ఉంటది.” ఉక్కు పెట్టె వైపు చూసి మొహం చిట్లించాడు. “గిదేందీ?”

“సూపర్‌ఛార్జర్.”

భద్రయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన పెట్టె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, పుల్లీని చేత్తో తిప్పాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ తిప్పాడు. తర్వాత గాలి గొట్టం ఊడదీసి వేలితో తడిమి చూశాడు.

“దీంట్ల ఏం తిరుగుతలేదు సారూ. ఉత్త డబ్బ. గొట్టం మూసేసిన్రు, దీంట్లకెళ్లి ఇంజిన్‌కు గాలి పోనే పోదు. డబ్బ రేడియేటర్‌కు అడ్డమై బండి వేడెక్కింది. ఈల అంటవా, అది సైలెన్సర్ల పెట్టిన్రు.”

“మరి ఇంతమంది పెట్టించుకున్నరు. ఒక్కనికి సుత తెల్వలేదా?”

“ఎట్ల తెలుస్తది? ఈ రోడ్ల మీద ఇరవై దాటి ఎవడు వోయిండు? ఈల వినవడ్తే బండి ఉరుకుతుందనుకుంటరు.”

టైమ్ చూద్దామని ఆషర్ డాష్‌బోర్డు అరలోంచి గడియారం తీశాడు. ఐదూ పదిహేను. అరచేతిలో అది గిలగిల కొట్టుకుంటోంది. బానెట్ దగ్గరికి తెచ్చాడు, ఇంకా ఎక్కువైంది. రోడ్డు దాకా నడిచాడు, ఆగిపోయింది. వెనక్కి వచ్చాడు, మళ్లీ షురూ.

పార్సిల్ లేదు, ఆటో లేదు. లిస్టు ఆ పెట్టెలో ఉంది. ప్రతి బండినీ ఆపే చోట ఆపకుండా వదిలే బండి ఒక్కటే, తనది. లూకాను చంపే లిస్టును స్టేషన్‌కు మోసుకుపోతున్నది తనే. మధ్యాహ్నం నుంచి అందరినీ చీదరించుకున్నవాడు నిజం చెప్పిన గడియారాన్ని కూడా చీదరించుకున్నాడు. పెట్టెను దగ్గరుండి బిగించింది ఎవరో గుర్తొచ్చి తల తిప్పాడు.

కల్పలత చేతిలో చిన్న పిస్తోలు ఉంది.

“నీకు తెలివి కొంచెం లేటుగా వస్తుంది ఆషర్,” అంది. “ఐదున్నరకు అది ఒక్కసారి సిగ్నల్ పంపి కాలిపోతుంది. రేంజ్ మూడు వందల మీటర్లు. ప్లాట్‌ఫాం మీద మావాడు ఇయర్‌ఫోన్స్ లాంటి రిసీవర్ పెట్టుకుని పాటలు వింటున్నట్టు కూర్చుని ఉంటాడు. మీ పాసు, మీ కారు, మీ డ్రైవరు. మీ వింగ్ మీద మాకంత నమ్మకం! ఇక డ్రైవర్‌తో పనిలేదు. పక్కకు జరుగు.”

ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజిన్ గిరగిర తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్లీ తిప్పింది. ఆమె కళ్లు భద్రయ్య జేబులోంచి తొంగిచూస్తున్న వైరు మీద పడ్డాయి. పిస్తోలు కిటికీలోంచి ఆషర్ ఛాతీకి గురిపెట్టింది.

“ముసలోడా, అది పెట్టు. మూడు లెక్కపెడతాను.”

రోడ్డు మీద ట్యాంకర్ కదిలింది. దాని వెనక ఆటోలు కదిలాయి. దారి తెరుచుకుంటోంది. ఐదూ ఇరవై నాలుగు. ఇప్పుడు బయల్దేరినా ఆమె చేరుకుంటుంది.

“పెట్టకు తాతా,” అన్నాడు ఆషర్. “నేను పోతే పోయిన.”

“ఒకటి.”

“నా షెడ్డుల రక్తం వద్దు సారూ,” అన్నాడు భద్రయ్య. బానెట్ కింద తల దూర్చి వైర్లు సర్దాడు. ఆ వంగిన వీపును చూసి ఆషర్ జీవితంలో ఎవరినీ అసహ్యించుకోనంతగా అసహ్యించుకున్నాడు. పిరికిపంద, వీడి చేతిలో లూకా చస్తున్నాడు.

“అయింది. ఇగ తిప్పు మేడం.”

కల్పలత కుడిచేతిలో పిస్తోలు అలాగే ఉంచి, ఎడమచేత్తో తాళం తిప్పింది.

ఢాం!

మధుసూదన్ బిగించిన ఆ లావు సైలెన్సర్ పెళ్లి ఊరేగింపులో బాంబులా పేలింది. రేకులన్నీ దద్దరిల్లాయి. వెనక నుంచి ఎవరో కాల్చారనుకుని కల్పలత గిర్రున తిరిగింది. ఆ ఒక్క క్షణం ఆషర్‌కు చాలు. కిటికీలోంచి ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. గుండు పైకప్పుకు తగిలింది, పిస్తోలు నేల మీద పడింది. ఆమె రక్కింది, కరిచింది, నాలుగు భాషల్లో తిట్టింది. భద్రయ్య తెచ్చిచ్చిన ఫ్యాన్ బెల్టుతో ఆమె చేతులు స్టీరింగ్‌కు కట్టి ఆషర్ తల ఎత్తేసరికి ఉక్కు పెట్టెలో ‘టిక్’ అని చప్పుడైంది. సన్నగా పొగ వచ్చింది. ఐదున్నర.

లిస్టు ఉన్నచోటే కాలిపోయింది. చుట్టూ మూడు వందల మీటర్లలో దాన్ని అందుకోవడానికి మెట్లబావి పావురాలు తప్ప ఎవరూ లేరు.

“ఏం చేసినవ్ తాతా?”

“మూడు ప్లగ్గు వైర్లల రెండు అటుదిటు పెట్టిన, కాలని పెట్రోలు సైలెన్సర్లకు వోయి పేలింది. నలభై ఏండ్ల సంది ఒక్క బండికి సుత తప్పు పెట్టలే సారూ. ఇయ్యాలే మొదటిసారి.” భద్రయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “నా దిక్కు గట్ల చూసినవేందీ? అమ్ముడువోయిన అనుకున్నవా?”

ఆషర్ తల దించుకున్నాడు.

పది నిమిషాల తర్వాత ఐదూ నలభై బండి కదిలింది. అందరూ ఎక్కారు. చేతిలో టికెట్టు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడు మాత్రం బెంచీ మీదే కూర్చుని రాని పాట కోసం వింటూ ఉండిపోయాడు. వింగ్ మనుషులకు అతన్ని గుర్తుపట్టడం పెద్ద పనేమీ కాలేదు. రాత్రికల్లా మధుసూదన్ కూడా లోపలికి వెళ్లాడు.

*

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆషర్ అదే కారులో చర్చికి బయల్దేరాడు. పెట్టెను వింగ్ తీసుకుపోయింది. సైలెన్సర్‌ను మాత్రం అతనే తీయనివ్వలేదు. పక్క సీట్లో లూకా ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. అయినా ఆషర్ గేరు మార్చినప్పుడల్లా మొట్టడానికి చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. ఆ మొట్టికాయలతో ఆషర్‌కు ప్రాణం లేచొచ్చినట్టుంది.

“ఏందిరా ఇది? ఇంత లొల్లి చేస్తుంది, ముందుకు మాత్రం పోదు.”

“ఆ రోజు సుత పోలే అన్నా. అందుకే నువ్వు ఇంటికొచ్చినవ్.”

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర పక్కన ఇంకో చిన్న కారు ఈల వేస్తూ ఆగింది. నల్ల టీషర్టు పెద్దమనిషి తల బయటపెట్టాడు. పేపర్లో అంత రాసినా అతను తన డబ్బాను ఇంకా విప్పి చూసుకున్నట్టు లేడు.

“బ్రో! మీదెంత? జీరో టు హండ్రెడ్?”

ఆషర్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. నోటి దాకా వచ్చిన మాటను, బహుశా జీవితంలో మొదటిసారి, మింగేశాడు.

“మొదలుపెట్టి రెండు నెలలైంది బ్రో. ఇంకా ఇరవై దగ్గరున్న.”