తిలకవతి ఊపిరి

సింగానల్లూరులో ఆ ఇంట పాలు పొంగేలోపే కృష్ణసామి పెరట్లో నిలబడి ఊపిరి బలం కొలిచే గొట్టం ఊదేవాడు. గట్టిగా ఊదితే ముల్లు నూరు దాటిపోతుంది. అందుకని ఆడమనిషి ఊదినట్టు మెల్లగా ఊది, యాభై ఎనిమిది రాగానే ఆపి, నోటుబుక్కులో భార్య పేరు కింద రాసేవాడు.

తిలకవతికి నరాల జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ జబ్బులో ఊపిరి కండరాలు ఎలా నీరసిస్తాయో తెలుసుకునే పరిశోధనలో ఆస్పత్రివాళ్లు ఆమెను చేర్చుకున్నారు. రోజూ ఊది అంకె రాయాలి, వారానికోసారి ఆస్పత్రికి పంపాలి. రెండు నెలల కిందట ఆ అంకె యాభై ఎనిమిది నుంచి నలభైకి, తర్వాత ముప్పైకి దిగింది. ఆ దిగడం కళ్లతో చూడలేకపోయాడు. ముప్పై ఏళ్లు పంపుల వర్క్‌షాపులో టెస్టింగు చేసిన మనిషి, గేజు ముల్లు వెంట్రుకవాసి తప్పినా మోటారు వెనక్కి పంపేవాడు. ఏం చేస్తాడు పాపం, ఇది మోటారు కాదు కదా.

ఆ రోజు కూతురు సత్య చూసేసింది.

“నైనా, అది అమ్మ గొట్టం కదా. నువ్వేల ఊదతా ఉండావు?”

అతడు నోటుబుక్కు వీపు వెనక దాచబోయాడు. సత్య పుస్తకం లాక్కుని తిప్పింది. అన్నీ యాభై ఎనిమిది, యాభై తొమ్మిది.

“నిన్న ఆస్పత్రివాళ్లు ఫోన్ చేసి, మీ అమ్మకు పరవాయిల్లె, ఊపిరి బాగుండాది, దగ్గు తెప్పించే మిషన్ ఇప్పుడు వద్దనిరి. రేత్రంతా అమ్మ కళ్లె రాక గిలగిల్లాడె. దీనివల్లనా నైనా?”

“ఆక్సిజన్ తొంభై ఏడు ఉండాది కణ్ణూ. దినమూ వేలికి పెట్టి చూస్తా ఉండా.”

“అది కడాకు దిగతాది, ముందర దిగేది ఊపిరి బలమేనని డాక్టరమ్మ నీకే చెప్పె గదా.”

కృష్ణసామి గోడకు చేరగిలబడ్డాడు. “అంకె దిగితే మీ అమ్మ పోతాదని బయమాయె. నా ఊపిరైనా రాస్తే నిలస్తాదనుకుంటిని.”

లోపలి నుంచి తిలకవతి సన్నగా పిలిచింది. “ఆ గొట్టాన్ని ఇట్లా తెండి.”

ఇద్దరూ తలలు వంచుకుని వెళ్లారు.

“ఆస్పత్రివాళ్లు ఊదేది నిలిపేసినారని మీరంటిరి. దినమూ కడిగిన గొట్టం కిటికీలో ఆరతా ఉండె. నాకు తెలీదా? మీ మొకం చూసి ఊరకుంటిని. నాదీ తప్పే.”

సత్య తల్లిని లేపి కూర్చోబెట్టింది. పెదాలు గొట్టాన్ని పట్టలేకపోతే కృష్ణసామి చుట్టూ వేళ్లతో అదిమాడు. తిలకవతి ఒంట్లో ఉన్నదంతా ఊదింది.

“ఎంత?”

“ఇరవై రెండు.”

“రాయండి.”

అతడు ముందు తన అంకెలన్నీ కొట్టేశాడు. ఇరవై రెండు అని రాసి, పుస్తకం మీద తల ఆనించి పసిపిల్లాడిలా ఏడ్చాడు. సత్య కోపమంతా అక్కడే కరిగిపోయింది. తండ్రి వీపు నిమురుతూ ఆస్పత్రికి ఫోన్ కలిపి, అతని చేతికే ఇచ్చింది.

కృష్ణసామి గొంతు సవరించుకుని తమిళంలో చెప్పాడు. “అమ్మా, నేను తిలకవతి భర్తను. ఇన్నాళ్లూ రాసినవి ఆమె అంకెలు కావు, నావి. ఈ పొద్దు ఆమెది ఇరవై రెండు. ఆ మిషన్ ఎప్పుడు ఇస్తారు?”