గడప మీద ఒక కాలు

“రేపు మీరు మా ఇంటికి రావొద్దు,” అంది రాజమణి.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద డిసెంబరు ఎండ హాయిగా పరుచుకుని ఉంది. ఆ ఎండలో గంగాధర్ నల్లగొడుగు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. ఆకాశంలో మచ్చుకు ఒక్క మబ్బు లేదు. మెట్లు దిగే కుర్రాళ్ళు గొడుగు వంక, అతని వంక చూసి నవ్వుకుంటూ పోతున్నారు. అతనికి అది అలవాటైపోయింది. రాజమణికి మాత్రం నవ్వు రాలేదు.

“రాకుంటే మీ నాయనకు ఏం చెప్తారు?”

“జెరం వచ్చిందని చెప్త. హాస్టల్ల పండుకొని ఉండుండ్రి.”

“మనోళ్ళు ఓడితే, నేను రాకపోబట్టే ఓడినారంటాడు. వచ్చినాక ఓడితే, రాబట్టే ఓడినారంటాడు. ఎట్ల చూసినా ఉరి నాకే. వస్తే మీరన్నా కనపడతారు గదా.”

“నవ్వులాట కాదు. నాయిన సంగతి మీకు తెల్వదు.”

నిజంగానే నవ్వులాట కాదు. రేపు బ్యాంకాక్‌లో ఏషియన్ గేమ్స్ హాకీ ఫైనల్. ఎదురుగా పాకిస్తాన్. యుద్ధం ముగిసి ఏడాది దాటింది గానీ, ఊళ్ళో ఎవరి గుండెల్లోనూ అది పూర్తిగా ముగియలేదు.

ఆ గొడుగు అసలు రాజమణిదే. నవంబరులో అకాలంగా వాన దంచిన రోజున, సిటీ బస్సులో అతను చూసుకోకుండా దాని మీద కూర్చున్నాడు. రెండు ఊచలు విరిగాయి. తార్నాకలో దిగేదాకా ఆమె తిట్టింది, అతను విన్నాడు. దిగాక ఇద్దరూ వానలో తడుస్తూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, “ఇంకా ఏమన్నా మిగిలినాయా?” అని వినయంగా అడిగాడు. ఆమెకు నవ్వొచ్చింది. వ్యవహారం అక్కడే చెడింది.

గొడుగు బాగు చేయిస్తానని తీసుకుపోయి, ముషీరాబాద్‌లో కొత్త ఊచలు వేయించి, ఒక మధ్యాహ్నం తార్నాకలో వాళ్ళ ఇంటికే తెచ్చాడు. కుడికాలు గడప లోపల పెట్టాడు. ఎడమకాలు ఇంకా బయటే ఉంది. సరిగ్గా అప్పుడు లోపల రేడియో గావుకేక పెట్టింది. బ్యాంకాక్ ఆటల్లో మన హాకీ జట్టు మొదటి గోల్.

“కదలకు,” అన్నాడు రాజమణి తండ్రి సమ్మయ్య, వెనక్కి తిరగకుండానే. “నువ్వెవరన్న కాని, గట్లనే ఉండు.”

ఆట ముగిసేదాకా గంగాధర్ అట్లాగే ఉన్నాడు. కుడికాలు లోపల, ఎడమకాలు బయట, చేతిలో గొడుగు. మనవాళ్ళు గెలిచారు. ఆ తర్వాత ప్రతి ఆటకూ అతనికి పిలుపు వచ్చింది. అదే కాలు, అదే గొడుగు. ఆటలు అయ్యేదాకా అది అతని దగ్గరే ఉండాలన్నాడు సమ్మయ్య. అన్నీ గెలిచారు.

సమ్మయ్యది లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. వయసులో ఉన్నప్పుడు వర్క్‌షాపు జట్టుకు గోల్‌కీపర్. కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ వంకరే, కనుబొమ్మ మీద బంతి దెబ్బ మచ్చ ఉంది. కాళ్ళకు కట్టుకునే పాత ప్యాడ్లు దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతుంటాయి. దొంగకు గానీ, పైఅధికారికి గానీ భయపడని మనిషి. ఆట రోజున మాత్రం పిల్లి తుమ్మినా వణుకుతాడు. రోమ్ ఒలింపిక్స్‌లో మనం ఓడిన రోజు ఇంటి నిండా ఇరుగుపొరుగు వాళ్ళు ఉన్నారట. ఆనాటి నుంచి రేడియో ముందుకు పొరుగువాళ్ళను రానివ్వడు. పాపం, వాళ్ళంతా చౌరస్తాలో ఉన్న ఇరానీ హోటల్‌కు పోయి వింటారు.

అది కూడా పరవాలేదు. రాజమణి భయమంతా జకార్తా ఏషియన్ గేమ్స్ గురించి. నాలుగేళ్ళ కిందట ఆ ఫైనల్ జరిగిన రోజునే అక్కను చూడటానికి పెళ్ళివారు వచ్చారు. పిల్లవాడు టీచరు, బుద్ధిమంతుడు. మంచినీళ్ళు అడిగాడు. అక్క గ్లాసు అందించింది. అదే క్షణంలో పాకిస్తాన్ గోల్ కొట్టింది. సమ్మయ్య లేచి, ఆ పిల్లవాడి చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, ‘మీరు పోయి రాండ్రి’ అన్నాడు. అంతే. అక్క ఏడాదిపాటు ఆ గ్లాసుతో నీళ్ళు తాగలేదు. తర్వాత వేరే చోట పెళ్ళయింది. బాగానే ఉంది. కానీ ఆ పిల్లవాడి పేరు ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

ఇదంతా చెప్పి, “ఇప్పుడు అర్థమైందా?” అంది.

గంగాధర్ గొడుగును ఇంకో చంకకు మార్చుకున్నాడు. “ఆటలు రేపటితో సరి. ఎల్లుండి నుంచి నేను ఏ సాకు పెట్టుకుని మీ ఇంటికి వచ్చేది? అందుకే రేపే మీ నాయన్ను అడుగుదామనుకున్యా,” అన్నాడు.

“ఏమని?”

అతను గొడుగు వైపు చూశాడు. “ఇది వాపసు ఇచ్చేదా, ఉంచుకునేదా అని.”

ఆమె గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. రాత్రంతా నిద్ర లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తార్నాక వీధులన్నీ ఖాళీ. క్యాంపస్ వైపు నుంచి సైకిల్ బెల్లు కూడా వినపడటం లేదు. రాజమణి వాళ్ళది సందు చివరి ఇల్లు. అది దాటితే ఖాళీ జాగా, ఆపైన రైలు పట్టాలు. పొరుగువాళ్ళు ముందే హోటల్‌కు తరలిపోయారు. సందులో ఒక కుక్క మాత్రం మిగిలింది. సమ్మయ్య దాన్ని కూడా తరిమేశాడు.

గంగాధర్ వచ్చాడు. నవ్వలేదు. కుడికాలు లోపల పెట్టి, ఎడమకాలు బయట ఉంచి నిలబడ్డాడు.

సమ్మయ్య తల్లి బుచ్చవ్వ దీపం వత్తులు చేస్తూ గొణిగింది. రాజమణి తల్లి పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆచారాలన్నీ ఆమెవే. “గడప మీద నిలబడితె ఇంటికి అరిష్టంరా. హిరణ్యకశిపుణ్ణి సంపింది గాడనే.”

“గీ పిలగానిది కదిరి,” అన్నాడు సమ్మయ్య. “నరసింహసామి ఊరు. గడప ఆళ్ళదే.”

రాజమణి చోటు వంటగది తలుపు వెనక. మొదటి గోల్ పడినప్పుడు ఆమె అక్కడే పొయ్యి ఊదుతూ ఉంది కాబట్టి అన్ని ఆటలకూ అక్కడే ఉండాలి. తలుపు సందులోంచి ఆమెకు అతను కనపడతాడు. అతనికి ఆమె కనపడదు. పైగా రేడియో మీంచి చూపు తిప్పకూడదని హుకుం. ఇన్ని రోజుల్లో ఆమె అతన్ని తనివితీరా చూసింది. ఎడమ చెవి దగ్గరి పుట్టుమచ్చతో సహా తెలుసు. ఇవాళ అతని గొంతు దగ్గర నరం కొట్టుకోవడం కనపడుతోంది.

ఆట మొదలైంది. హిందీ కామెంటరీ గుర్రంలా పరుగెత్తుతోంది. గంగాధర్‌కు హిందీ అంతంత మాత్రం, హాకీ అసలే రాదు. పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో బస్సులో రాజమణే చెప్పింది. అందుకే అతను రేడియోను వినడు, సమ్మయ్య వీపును చూస్తాడు. వీపు వంగితే ప్రమాదం, నిటారైతే ఊపిరి.

ఇవాళ వీపు వంగే ఉంది.

మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగంలోనూ లేదు. సమ్మయ్య నులకమంచం అంచున కూర్చుని, మోకాళ్ళు వంచి, చేతులు చాచి, గోల్ ముందు నిలబడ్డవాడిలా ఉన్నాడు. పాకిస్తాన్ వాళ్ళు ముందుకు వచ్చినప్పుడల్లా అతని పాదాలు నేలమీద జరుగుతున్నాయి. రాజమణి నోట్లో కొంగు కుక్కుకుంది. దేవుడా, మనవాళ్ళు గెలవకపోయినా సరే, ఇతను ఇక్కడ ఉండగా ఓడకుండా చూడు. అలా మొక్కుకున్నాక, ఆ మొక్కు వల్లే ఓడిపోతారేమోనని ఇంకో భయం పట్టుకుంది.

టైము అయిపోయింది. సున్నా సున్నా. ఎక్స్‌ట్రా టైమ్ అన్నాడు రేడియో మనిషి.

గంగాధర్ కాళ్ళు వణుకుతున్నాయి. అంతసేపు అలా నిలబడటం ఎవరికైనా కష్టమే. బయట పొద్దు వాలుతోంది. బుచ్చవ్వ దీపం పెట్టే వేళయిందని అంటే సమ్మయ్య వినిపించుకోలేదు.

పాకిస్తాన్‌కు పెనాల్టీ కార్నర్.

సమ్మయ్య మంచం అంచుకు ఇంకా జరిగాడు. రేడియోలో గొంతు పైకి లేచింది. బంతి వచ్చింది, ఆపారు, కొట్టారు. ఆ మాట పూర్తయ్యేలోగా, పాతికేళ్ళ కిందట లాలాగూడ గ్రౌండులో దూకినట్టే సమ్మయ్య కుడివైపుకు దూకాడు.

దూకిన వైపున ఇనుప ట్రంకుపెట్టె ఉంది.

గంగాధర్ గడప మీద లేడు. గొడుగు బయట ఎక్కడో పడింది. అతను నేలమీద జారుకుంటూ వెళ్ళి, సమ్మయ్య తల పెట్టె అంచుకు తగలకుండా రెండు చేతుల్లో పట్టాడు. సమ్మయ్య కాలు తగిలి స్టూలు ఒరిగింది. రేడియో కిందపడింది. ఒక్కసారి గరగరమని, ఆగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం.

సమ్మయ్య అతని ఒళ్ళో తల ఉంచి అట్లాగే చూశాడు. ముందు రేడియోను, తర్వాత ఖాళీ గడపను, ఆఖరున అతని ముఖాన్ని. “జాగ తప్పినవ్,” అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మది రాజమణికి తెలుసు. ఆనాడు గ్లాసు తీసుకున్నప్పుడు కూడా ఇదే గొంతు.

“తప్పినా సార్. తల పగుల్తాండె.”

అప్పుడే చౌరస్తా వైపు నుంచి, హోటల్ దగ్గర నుంచి, ఒక పెద్ద అరుపు లేచింది. గోల్ పడింది. ఎవరిదో తెలియదు. సంతోషమో ఏడుపో కూడా తెలియదు. అంత దూరం నుంచి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అరుపు లేచినట్టే లేచి అణిగిపోయింది. మళ్ళీ చప్పుడు లేదు.

మనవాళ్ళే కొట్టి ఉంటే ఇంకా అరవాలి కదా? అనుకుంది రాజమణి.

“షెడ్డుల ఇంజన్లు కూస్తలేవు,” అన్నాడు సమ్మయ్య. టోక్యో ఒలింపిక్స్‌లో గెలిచిన రోజున లాలాగూడ షెడ్డులో ఉన్న ఇంజన్లన్నీ ఒక్కసారి కూత పెట్టాయి. డ్రైవర్లందరికీ హాకీ పిచ్చే.

గంగాధర్ గొంతు సవరించుకున్నాడు. “సార్, ఒక మాట.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. గెలిచినాక అడిగితే సందు చూసి అడిగినోణ్ణి అయితాను. ఓడినాక అడిగితే మీరు వినరు. రాజమణిని నాకిచ్చి పెండ్లి చేయండి.”

బుచ్చవ్వ చేతిలో వత్తి కిందపడింది. సమ్మయ్య కళ్ళు ఆర్పలేదు. రాజమణి వంటగది తలుపును పట్టుకుంది. దాటకూడదు. ఆట ఇంకా అయిపోలేదు. దాటిందంటే ఇన్నాళ్ళ కట్టూ తెగిపోతుంది. ఆనాడు పెళ్ళివారు వెళ్ళిపోతుంటే అక్క ఈ తలుపు వెనకే నిలబడి ఉంది, దాటలేదు.

ఆమె దాటింది.

“నేను గూడ జాగ తప్పిన, నాయినా,” అంది. “ఓడితే ఇద్దరిదీ తప్పు. ఇద్దరినీ పొమ్మను.”

బయట ఎండ ఎర్రబడి గోడ ఎక్కింది. సమ్మయ్య గంగాధర్ కాలర్ పట్టుకుని ఉన్నాడు. తిట్టడానికో, లేవడానికో తెలియదు. చెవి మాత్రం పట్టాల వైపు ఉంది.

దూరంగా ఒక కూత.

మామూలు రైలేమో అనుకుంది రాజమణి. కానీ అది ఆగలేదు. సాగుతూనే ఉంది. దాని మీద ఇంకొకటి లేచింది. ఆ రెంటి మీద మూడోది. చూస్తుండగానే లాలాగూడ షెడ్డు షెడ్డంతా గొంతెత్తింది. వెనకనుంచి చౌరస్తా, ఆపైన హాస్టళ్ళు. ఈసారి అరుపు అణగలేదు.

“ఏడుపుకు ఇంజన్ కూయదు,” అన్నాడు సమ్మయ్య. కనుబొమ్మ మచ్చ మీదుగా కన్నీళ్ళు చెవిలోకి జారాయి. “గెలిచినం బిడ్డా. ఇందాక అరిచింది మన గోల్‌కే, ఆట అయ్యేదాంక ఊపిరి బిగబట్టిండ్రు. బంగారం మనదే.”

చాలాసేపు అట్లాగే పడుకుని విన్నాడు. తర్వాత లేచి కూర్చుని గంగాధర్ కాళ్ళ వంక తేరిపార చూశాడు.

“కుడికాలు మొదటి దినం సంది లోపలనే ఉన్నది. అయినా ఇయ్యాల గోల్ పడలే. ఎడమకాలు గూడ లోపలికి వచ్చినంకనే పడ్డది.”

“సార్, అది మీ తల కోసం...”

“తెలుసు.” సమ్మయ్య మేకుకు ఉన్న ప్యాడ్ల వైపు చూశాడు. “గోల్ ఇడిసిపెట్టి ముందటికి ఉరకాల్సిన టైమొకటి ఉంటది. గది తెల్వనోడు కీపరే కాదు. జకార్తా నాడు నాకు తెల్వలే.” ఒక్క క్షణం ఆగాడు. “ఇగ రెండు కాళ్ళూ లోపలనే ఉంచు. మీ పెద్దోళ్ళను రమ్మను.”

బుచ్చవ్వ వత్తి వెతుక్కుని దీపం ముట్టించింది. గొడుగు బయట పడి ఉందనీ, అది శుభమైన గొడుగనీ, ఎవరన్నా ఎత్తుకుపోకముందే లోపలికి తెమ్మనీ సమ్మయ్య కూతురికి పురమాయించాడు.

రాజమణి గడప దాకా వచ్చింది. ఒక కాలు బయట పెట్టి, వంగి గొడుగు అందుకుంది. పొద్దుటి నుంచి బిగబట్టిన భయమంతా ఒక్కసారిగా దిగిపోయినట్టుంది. గడపను పట్టుకుని అట్లాగే ఆగింది.

“కదలొద్దు,” అన్నాడు గంగాధర్ వెనకనుంచి.

ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసింది. అతను నేలమీద కూర్చుని, రేడియో సంగతే మరిచి, తీరిగ్గా ఆమెనే చూస్తున్నాడు.

“అట్లనే ఉండండి. ఇన్ని దినాలు మీరే చూసినారు. ఇప్పుడు నా వంతు.”

“సంజెవేళ గడప మీద నిలబడకే,” అంది బుచ్చవ్వ.

రాజమణి కదల్లేదు.